అరికాలి మెలనోమాకు ‘జన్యు అస్థిరత ప్యాకేజీ’ కొనాలా?

హైదరాబాద్‌లోని ఓ పెద్ద ల్యాబ్, హన్మకొండలో నడిపే కలెక్షన్ సెంటర్ ద్వారా మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల నుంచి పుట్టే క్యాన్సర్) ట్యూమర్లకు మూడు రకాల జన్యు పరీక్షలు చేస్తోంది. బీరాఫ్ జన్యువు ఒక్కటే చూసేది చిన్నది. దానికి ఐదు మార్కర్ల (డీఎన్ఏలో చూసే చోట్లు) ఎంఎస్ఐ, అంటే మైక్రోశాటిలైట్ అస్థిరత, పరీక్ష జోడించి ‘జన్యు అస్థిరత ప్యాకేజీ’ అని పేరు పెట్టింది మధ్యది. వందల జన్యువులను ఒకేసారి చదివే ఎన్‌జీఎస్ ప్యానెల్ పెద్దది. ధర కూడా అదే వరుసలో పెరుగుతుంది: మొదటిది వేలల్లో, చివరిది పదుల వేలల్లో. ఈ సమీక్ష ఎక్కువగా మధ్యదాని గురించే. పేరు చూసి, ధర చూసి అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది. మా లెక్కలో మన ప్రాంతపు రోగికి అక్కరకు రానిదీ అదే.

ల్యాబ్ పనితనం మీద పెద్ద ఫిర్యాదు లేదు. యంత్రాలు మంచివి, గుర్తింపు పత్రం ఉంది, ఫోన్ చేస్తే మాట్లాడే పాథాలజిస్టు ఉన్నారు. చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి ప్యాకేజీ పేరులో. రెండోది ట్యూమర్ నుంచి ముక్క తీసిన చోట, దాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో. ఆ రెండోది హైదరాబాద్‌లో కాదు, ఇక్కడే జరుగుతుంది. దాన్ని సరిచేయడం కూడా ఇక్కడివాళ్ల చేతిలోనే ఉంది.

ముందు పేరు సంగతి. జన్యు అస్థిరత అంటే ఒకే రకం గల్లంతు కాదు. ఒక దారిలో క్రోమోజోముల ముక్కలకు ముక్కలే ఊడిపోతాయి, అదనంగా చేరతాయి, తప్పుడు చోట అతుక్కుంటాయి. ఇంకో దారిలో మైక్రోశాటిలైట్లు, అంటే ఒకే డీఎన్ఏ అక్షరమో ఒకే జతో పదే పదే వచ్చే చిన్న వరుసలు, కాపీ అయ్యేటప్పుడు కొన్ని అక్షరాలు జారిపోతాయి. ఆ జారుడును దిద్దాల్సిన ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 ప్రొటీన్లలో ఏదో ఒకటి పడకేస్తే తప్పులు పోగవుతాయి. పెద్దపేగు క్యాన్సర్లలో ఈ రెండో దారి తరచుగా కనబడేదే. ఎంఎస్ఐ పరీక్ష పుట్టింది కూడా ఆ క్యాన్సర్ కోసమే. వంశంలో ఎవరికీ లేకుండా వచ్చే చర్మ మెలనోమా మాత్రం ప్రధానంగా మొదటి దారి పడుతుంది. అందులో ఎంఎస్ఐ-హై, అంటే మైక్రోశాటిలైట్లు ఎక్కువగా మారిపోవడం, అరుదు. పాత అధ్యయనాల్లో కొన్ని ట్యూమర్లలో ఒకటీ అరా మార్కర్లు కదిలినట్టు రాశారు గానీ, అది పెద్దపేగులో కనబడే స్థాయి కాదు.

మెలనోమాలో నిజంగా ఏం చెదిరిపోతుందో చూడండి. 9వ క్రోమోజోము పొట్టి చేతిలో 9పీ21 అనే చోట సీడీకేఎన్2ఏ జన్యువు ఉంటుంది. కణం విభజనకు బ్రేకు లాంటిది. అది పోవడం చాలా మామూలు. 10వ క్రోమోజోము పొడుగు చేతిలో పీటెన్ జన్యువు పోతుంది. 6వ క్రోమోజోములో పొడుగు చేయి తగ్గి పొట్టి చేయి పెరుగుతుంది. 7వది, 8వదాని పొడుగు చేయి, 1వదాని పొడుగు చేయి అదనపు కాపీలు సంపాదిస్తాయి. మామూలు పుట్టుమచ్చలో ఇవేవీ దాదాపు ఉండవు. స్పిట్జ్ అనే ఒక రకం పుట్టుమచ్చలు కొన్నింటిలో 11వ క్రోమోజోము పొట్టి చేయి పెరగడం వంటి మినహాయింపులు తప్ప. అందుకే పుట్టుమచ్చా, మెలనోమానా అని మైక్రోస్కోపు కింద తేలనప్పుడు పాథాలజిస్టులు ఫిష్ పరీక్ష అడుగుతారు. అందులో 6పీ25, 6క్యూ23, 11క్యూ13 (పీ అంటే పొట్టి చేయి, క్యూ అంటే పొడుగు చేయి), 6వ క్రోమోజోము నడుము అనే నాలుగు చోట్లకు రంగు ప్రోబులు అతికించి, కణం కణంలో చుక్కలు లెక్కపెడతారు. తర్వాత వచ్చిన సెట్లలో 9పీ21, 8క్యూ24 కూడా చేరాయి. జన్యు అస్థిరత అన్న పేరు మెలనోమాకు పెట్టాలంటే ఇలాంటి పరీక్షకు పెట్టాలి.

ఇక మన దగ్గరి మెలనోమా సంగతి వేరే చెప్పాలి. తెల్లచర్మం వాళ్లలో వీపు మీద, కాళ్ల మీద ఎండకు వచ్చే రకం ఎక్కువ. మన దేశంలో అరికాలు, మడమ, అరచేయి, గోటి కింద వచ్చే ఆక్రల్ రకం వాటా పెద్దది. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు దీన్ని ముల్లు విరిగిందనో, ఆనెకాయ అనో, గోరుచుట్టు అనో అనుకుని పసరు కట్టి నెలలు గడుపుతారు. ముక్క ల్యాబ్‌కు చేరేసరికి మందం మిల్లీమీటర్లలో పెరిగిపోయి ఉంటుంది. అరికాలికి ఎండ తగలదు కాబట్టి దీని జన్యు ముఖచిత్రమే వేరు. అక్షరాల మార్పులు తక్కువ. కాపీలు గుత్తులు గుత్తులుగా పెరగడం, ముక్కలు తారుమారు కావడం ఎక్కువ. సీసీఎన్‌డీ1, సీడీకే4, టెర్ట్, సీ-కిట్ జన్యువులు ఇలా పెరిగే వాటిలో ముఖ్యమైనవి. అంటే క్రోమోజోముల అస్థిరత విపరీతంగా ఉండి, మైక్రోశాటిలైట్లు మాత్రం కుదురుగా ఉండే ట్యూమర్ ఇది. దానికి ఎంఎస్ఐ పరీక్ష చేయడమంటే చెరువు కట్ట తెగిన రోజున బావిలో నీళ్లు కొలవడమే.

ఈ ప్యాకేజీలోని ఐదు మార్కర్లు బ్యాట్-25, బ్యాట్-26, ఎన్ఆర్-21, ఎన్ఆర్-24, మోనో-27. వీటిలో బ్యాట్-25 అనేది సీ-కిట్ జన్యువు లోపలే, ఒక ఇంట్రాన్‌లో (ప్రొటీన్‌గా మారని భాగం) ఉంటుంది. ఆక్రల్ మెలనోమాలో మందు దొరికే అవకాశమున్న జన్యువుల్లో సీ-కిట్ ఒకటి. పరీక్ష ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లి, లోపల ఏం జరుగుతోందో చూడకుండానే తిరిగొస్తుందన్నమాట.

చికిత్స లెక్కలో చూసినా ఇదే తేలుతుంది. అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ, ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి తిప్పే ఇమ్యునోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్‌ను మెలనోమాకు 2014లోనే అనుమతించింది. ఎంఎస్ఐ-హై అయిన ఏ అవయవపు ట్యూమర్‌కైనా ఇవ్వొచ్చని 2017లో చెప్పింది. ఆ రెండో అనుమతి మిగతా క్యాన్సర్లకు కొత్త తలుపు. మెలనోమాకు ఆ తలుపు అప్పటికి మూడేళ్ల ముందే తెరిచి ఉంది. ఎంఎస్ఐ ఫలితం ఎటొచ్చినా మెలనోమా రోగికి ఇమ్యునోథెరపీ ఇవ్వాలా వద్దా అన్నది మారదు. మారని దానికి డబ్బు కట్టించడం మాకు నచ్చలేదు.

ఇంతకంటే ప్రమాదం రిపోర్టు మొదటి పేజీలో ఉంది. పెద్ద అక్షరాల్లో ‘మైక్రోశాటిలైట్ స్టేబుల్’ అని, దాని కింద ‘జన్యు అస్థిరత కనబడలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంట్లో ఇంగ్లిషు చదివే పిల్లలు ‘స్టేబుల్’ అన్న మాట పట్టుకుని రోగం నిలకడగా ఉందని అర్థం చేసుకుంటారు. చిన్న ఆస్పత్రుల్లో సంబంధం లేని విభాగం డాక్టర్లు కూడా అలాగే చదివే వీలుంది. ఆ మాటకు అర్థం అది కానే కాదు. ఐదు చిన్న వరుసల పొడవు మారలేదు, అంతే. ట్యూమర్ ముదిరిందా, పాకిందా, తిరగబెడుతుందా అన్న వాటికి ఆ వాక్యంతో సంబంధం లేదు. ‘పరీక్షించిన ఐదు మార్కర్లలో మార్పు లేదు; క్రోమోజోముల కాపీ మార్పులు ఈ పరీక్షలో చూడలేదు’ అని రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది. అడిగితే సవరించిన రిపోర్టు ఇస్తారు; అడగండి.

ఇప్పటికే ఈ ప్యాకేజీ కొన్నవాళ్ల కోసం ఫలితం చదివే పద్ధతి క్లుప్తంగా. ఐదింట రెండు లేదా ఎక్కువ మార్కర్లు కదిలితే హై, ఒక్కటి కదిలితే లో, ఏదీ కదలకపోతే స్టేబుల్. రిపోర్టుతో పాటు శిఖరాల గ్రాఫు ఇవ్వాలి. ఈ ల్యాబ్ అడిగితేనే ఇస్తుంది. గ్రాఫులో అసలు శిఖరం పక్కన చిన్న చిన్న మెట్లు ఉంటాయి, అవి పీసీఆర్‌లో (డీఎన్ఏకు కాపీలు తీసే పద్ధతి) వచ్చే జారుడు గుర్తులు, ట్యూమర్ మార్పు కాదు. పోలికకు తీసిన రక్తం గ్రాఫు పైన, ట్యూమర్ గ్రాఫు కింద పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒక్క మార్కరే, అదీ కొద్దిగా కదిలి, శిఖరాల ఎత్తు కూడా పొట్టిగా ఉంటే మళ్లీ చేయించమనండి. డీఎన్ఏ మరీ తక్కువైనప్పుడు యంత్రం ఇలాంటి దయ్యాలను చూపిస్తుంది. మంచి కిట్లలో పెంటా-సీ, పెంటా-డీ అనే రెండు అదనపు మార్కర్లు ఉంటాయి. రక్తం, ట్యూమర్ ఒకే మనిషివేనా అని సరిపోల్చడానికి అవి. ఆ రెండూ కలవకపోతే సీసాలు మారిపోయినట్టే, మిగతా రిపోర్టు చదవక్కర్లేదు.

ఇక సీసా దగ్గరికి వద్దాం. ల్యాబ్ నుంచి ‘డీఎన్ఏ నాణ్యత చాలలేదు’ అని తిరిగొచ్చే నమూనాల వెనక కారణం చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

చిన్న క్లినిక్కుల్లో ఫార్మలిన్ అంటే డబ్బాలోని గాఢ ద్రవాన్ని కుళాయి నీళ్లతో ఒకటికి తొమ్మిది కలిపిందే. నిల్వ ఉంటే అందులో ఫార్మిక్ ఆమ్లం తయారవుతుంది, ఆ పులుపు డీఎన్ఏను తునకలు చేస్తుంది. బఫర్ కలిపిన ఫార్మలిన్ తయారు చేసుకోవడం బ్రహ్మవిద్య కాదు. డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, డబ్బా ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. సీసాలో ద్రవం ముక్కకు కనీసం పది రెట్లు, వీలైతే ఇరవై రెట్లు ఉండాలి. మూతి ఇరుకైన ఇంజెక్షన్ సీసాలో మడమ ముక్కను కుక్కితే చుట్టూ ద్రవమే ఉండదు. బయట గట్టిపడుతుంది, లోపల కుళ్లుతుంది. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు లోపలికి ఇంకుతుంది. అందుకే పెద్ద ముక్కను పాథాలజీ మనిషి చేతనే కోయించి వేయాలి. నానాల్సిన సమయం 6 గంటలకు తక్కువ కాకూడదు, 72 గంటలు దాటకూడదు. శుక్రవారం సాయంత్రం తీసిన ముక్క మంగళవారం దాకా సీసాలోనే ఊగిసలాడితే, రిపోర్టులో వచ్చే తప్పులకు ఎవరినీ తిట్టి లాభం లేదు.

ముక్క తీసే పద్ధతిలోనూ జాగ్రత్త ఉంది. కుదిరితే మచ్చ మొత్తాన్ని 1 నుంచి 3 మిల్లీమీటర్ల అంచుతో తీయాలి. అరికాలి మీద పెద్దదైతే, బాగా ఎత్తుగా లేదా బాగా నల్లగా ఉన్న చోట నుంచి చర్మం పూర్తి లోతు వచ్చేలా పంచ్ (గుండ్రని కత్తి) తో ముక్క తీయాలి. పైపైన గీరి తీస్తే మందం కొలవలేరు, జన్యు పరీక్షకు కణాలూ చాలవు. అరికాలి తోలు మందం కాబట్టి గీరుడు ముక్కలో సగం చచ్చిన పొరే ఉంటుంది.

గోటి కింద మెలనోమాకు వేలు తీసేసిన కేసుల్లో ఇంకో ఉచ్చు ఉంది. ఎముక ఉంది కాబట్టి మెత్తబరచడానికి ముక్కను నైట్రిక్ ఆమ్లంలోనో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనో వేస్తారు. మైక్రోస్కోపు కింద చూడటానికి పనికొస్తుంది గానీ డీఎన్ఏ మిగలదు. మెత్తని భాగాన్ని ఆమ్లంలో వేయకముందే వేరు చేసి విడిగా బ్లాక్ (మైనపు దిమ్మ) చేయించాలి. ఎముక భాగానికి ఆమ్లం బదులు ఈడీటీఏ అనే రసాయనం వాడాలి. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఆమ్లంలో మునిగిన బ్లాక్‌ను ఏ ల్యాబ్‌కు పంపినా కట్టిన ఫీజు ఉత్తగ పోతుంది. రిక్వెస్టు ఫారంలో ‘డీకాల్సిఫికేషన్ (ఎముకను మెత్తబరచడం) జరిగిందా’ అనే గడి ఉంది. దాన్ని ఎవరూ నింపరు.

మైనపు దిమ్మ, అంటే బ్లాక్, తయారయ్యాక దాన్ని మాటిమాటికీ కోయించకండి. మొదట నిర్ధారణ స్లైడు, తర్వాత ఎస్100, సాక్స్10, హెచ్ఎంబీ-45, మెలాన్-ఏ లాంటి రంగు పరీక్షలు, ఆ తర్వాత జన్యు పరీక్ష... ప్రతిసారీ యంత్రానికి బిగించి, ముఖం చదును చేసినప్పుడల్లా కొంత ముక్క చెక్కుకుపోతుంది. 4 మిల్లీమీటర్ల పంచ్ ముక్కైతే మూడోసారికి ఖాళీ మైనం మిగులుతుంది. మెలనోమా అనుమానం ఉన్నప్పుడు మొదటిసారే 5 మైక్రాన్ల మందంలో పది ఖాళీ స్లైడ్లు అదనంగా కోసి పెట్టమని చెప్పాలి. బ్లాక్ మారినప్పుడల్లా బ్లేడు మార్చాలి, నీళ్ల తొట్టి మీద తేలే తుక్కు తీసేయాలి. పక్కవాళ్ల కణాలు నాలుగు తేలివచ్చి అతుక్కున్నా ఎన్‌జీఎస్ పట్టేస్తుంది, అది ఎవరిదో చెప్పలేదు.

రక్తం నమూనా కూడా తీసుకోమని గట్టిగా అడగండి. ఊదా రంగు మూత ఈడీటీఏ ట్యూబులో 3 మిల్లీలీటర్లు చాలు. మామూలు ఫ్రిజ్ చల్లదనం సరిపోతుంది, గడ్డకట్టించొద్దు. కొందరు రక్తం బదులు ట్యూమర్ పక్కనున్న చర్మాన్నే ‘నార్మల్’గా వాడతారు. మెలనోమాలో అది మంచి అలవాటు కాదు. చూపుకు మామూలుగా ఉన్న పక్క చర్మంలోనూ, ముఖ్యంగా ఆక్రల్ రకంలో, మారిన కణాలు దాక్కుని ఉంటాయి.

రవాణా గురించి నాలుగు మాటలు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో 132 కిలోమీటర్లు. సాఫీగా వెళ్లే నమూనాకు ఈ దూరం ఒక లెక్క కాదు. చిక్కంతా ఏప్రిల్, మే నెలల్లో బండి డిక్కీలో పడేసి మధ్యాహ్నం తిప్పే కవర్లది. మైనం కరిగేది 56 నుంచి 60 డిగ్రీల మధ్య. ఎండలో నిలిపిన వాహనం లోపల అది మెత్తబడి, ముక్క కదిలి, పైకి తేలుతుంది. థర్మోకోల్ పెట్టెలో, జెల్ ప్యాకు బ్లాక్‌కు నేరుగా తగలకుండా బట్ట చుట్టి పంపాలి. ఈ కలెక్షన్ సెంటర్‌లో పెట్టె ఇస్తారు, అదనపు డబ్బు అడగరు. మెచ్చుకోవాల్సిన విషయం. పికప్ మాత్రం చెప్పిన సమయానికి రారు. ఉదయం పదికి ముందే మీరే సెంటర్‌లో ఇచ్చేస్తే ఆ రోజు బండిలోనే వెళుతుంది.

ల్యాబ్‌లో మెలనోమాకు మాత్రమే ఉండే తలనొప్పి మెలనిన్. ఆ నల్లరంగు డీఎన్ఏతో పాటే బయటికొచ్చి, పీసీఆర్ ఎంజైమ్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు. తీసిన ద్రవం నీళ్లలా ఉండాల్సింది పలచని టీ రంగులో ఉంటే అదే గుర్తు. తెలిసిన ల్యాబ్ దాన్ని ఇంకో కాలమ్ గుండా శుద్ధి చేస్తుంది. లేదా అయిదింతలు, పదింతలు పలచన చేసి, బీఎస్ఏ అనే ప్రొటీన్ కలిపి నడుపుతుంది. తెలియని ల్యాబ్ ‘మార్పు కనబడలేదు’ అని రాసేస్తుంది. ఈ రెంటికీ తేడా కనిపెట్టడం ఎలా అంటే, రిపోర్టులో అంతర్గత కంట్రోల్ (పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో చూపేది) ఆంప్లిఫై అయిందో, అంటే దాని కాపీలు పెరిగాయో లేదో ఉంటుంది. కంట్రోలే రాకపోతే అది నెగెటివ్ కాదు, పరీక్ష జరగలేదని అర్థం. ఈ ల్యాబ్ ఆ వరుస రాస్తోంది, ఈ విషయంలో పూర్తి మార్కులు. డీఎన్ఏ పరిమాణాన్ని కూడా ఫ్లోరోమీటరుతో కొలుస్తోంది. కాంతి శోషణతో కొలిస్తే మెలనిన్ కూడా డీఎన్ఏలాగే లెక్కలోకొచ్చి, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది.

చిన్న ప్యాకేజీ, అంటే బీరాఫ్ ఒక్కటే చూసేది, ఎలా ఉంది? దాని పరిధిలో బాగుంది. వారంలోపు వస్తుంది. బీరాఫ్ మార్పులు క్యాన్సర్లలో ఉన్నాయని 2002లో బయటపడింది, 2011లో ఆ మార్పును అడ్డుకునే వెమురాఫెనిబ్ మందు వచ్చింది. ఎండకు వచ్చే మెలనోమాల్లో సుమారు సగానికి ఈ మార్పు ఉంటుంది, ఆక్రల్ రకంలో బాగా తక్కువ. అందుకే అరికాలి ట్యూమర్‌కు ఇదొక్కటే చేయించి నెగెటివ్ వచ్చిందని ఆగిపోతే ఎన్‌రాస్, సీ-కిట్ జన్యువులు చూడకుండా వదిలేసినట్టే. సీ-కిట్‌లో ఎక్సాన్ (ప్రొటీన్‌గా మారే భాగం) 11, 13 మార్పులుంటే ఇమాటినిబ్ పనిచేసే అవకాశం ఉంది. కాపీలు మాత్రమే పెరిగి ఉంటే ఆ ఆశ చాలా తక్కువ. ఈ తేడా చెప్పలేని పరీక్షకు పెట్టిన ఖర్చు సగం వృథా.

బీరాఫ్ రిపోర్టులో రెండు విషయాలు వెతకండి. ఒకటి, బీరాఫ్‌లో తరచూ వచ్చే వీ600ఈ మార్పుతో పాటు వీ600కె కూడా చూశారా. రెండు, మార్పు శాతం (మార్పు ఉన్న కాపీల వాటా), దాని పక్కనే ట్యూమర్ కణాల శాతం. ముక్కలో 60 శాతం క్యాన్సర్ కణాలుండి, రెండు కాపీల్లో ఒకదానిలోనే మార్పు ఉంటే ఫలితం 30 శాతం దగ్గర రావాలి. 45 దాకా వచ్చిందంటే, బీరాఫ్ ఉండే 7వ క్రోమోజోము అదనపు కాపీ సంపాదించి ఉండొచ్చు. 4 శాతమే వచ్చిందంటే ఆ ఫలితాన్ని ఇంకో పద్ధతిలో నిర్ధారించుకోవాలి. ట్యూమర్ శాతం రాయని రిపోర్టులో మార్పు శాతం ఎంతున్నా దానికి అర్థం లేదు. ఈ ల్యాబ్ చిన్న ప్యాకేజీలో ఆ శాతం రాయడం లేదు. ఆ ప్యాకేజీ మీద మా పెద్ద అభ్యంతరం ఇదే. లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కిక్కిరిసిన ముక్కలో ట్యూమర్ 10 శాతమే ఉంటే, డీఎన్ఏ చదివే మామూలు సాంగర్ పద్ధతి అసలు మార్పును పట్టలేదు. దానికి మార్పు ఉన్న కాపీలు 15, 20 శాతమైనా ఉండాలి. పాథాలజిస్టు స్లైడు మీద పెన్నుతో గీత గీసి, ఆ గీత లోపలి భాగమే గోకి తీయాలి.

పెద్ద ప్యానెల్ ఈ మూడింటిలో మేం సిఫారసు చేసేది, కొన్ని షరతులతో. మూడు వారాలు పడుతుంది. బీరాఫ్, ఎన్‌రాస్, ఎన్ఎఫ్1, సీ-కిట్ ఒకేసారి తేలుతాయి. క్రోమోజోము కాపీల పట్టిక వస్తుంది, మెలనోమాలో అస్థిరత అసలు రూపం అక్కడే కనబడుతుంది. ఎంఎస్ఐ ఫలితం కూడా అందులోనే, అదనపు ఖర్చు లేకుండా వస్తుంది. ఇక మధ్య ప్యాకేజీ ఎందుకో ల్యాబే చెప్పాలి! కాపీల పట్టిక నమ్మదగ్గదిగా ఉండాలంటే ట్యూమర్ కణాలు కనీసం 30 శాతం ఉండాలి. తక్కువుంటే 9పీ21 పూర్తిగా పోయినా, కలిసిన మామూలు కణాల కాపీలు దాన్ని కప్పేస్తాయి.

ఈ ప్యానెల్‌లో టీఎంబీ, అంటే మార్పుల మొత్తం బరువు, మీద మాత్రం కళ్లు మూసుకుని నమ్మకం పెట్టకండి. కారణాలు మూడు. చదివిన డీఎన్ఏ పది లక్షల అక్షరాలకు తక్కువైతే ఆ సంఖ్యకు నిలకడ ఉండదు. రెండోది, రక్తం లేకుండా ట్యూమర్ ఒక్కటే చదివితే పుట్టుకతో వచ్చిన తేడాలను డేటాబేసుల సాయంతో తీసేస్తారు. ఆ డేటాబేసుల్లో మనవాళ్ల వాటా తక్కువ, కాబట్టి మన మామూలు తేడాలు కూడా ట్యూమర్ మార్పులుగా లెక్కకొచ్చి సంఖ్య ఉబ్బుతుంది. రక్తం ఇవ్వమని పైన అన్నది ఇందుకూ పనికొస్తుంది. మూడోది ఫార్మలిన్. అది డీఎన్ఏలోని సీ అక్షరాన్ని దెబ్బతీసి టీగా చదివిస్తుంది. ఎండ చేసే దెబ్బ కూడా సీ స్థానంలో టీనే! అరికాలి ట్యూమర్‌కు ఎండ గుర్తులు ఎక్కువున్నాయని రిపోర్టు వస్తే, ముందు సీసాను అనుమానించాలి. తేడా పట్టే దారి ఉంది. ఎండ దెబ్బలో పక్కపక్కన ఉన్న రెండు సీలు ఒకేసారి రెండు టీలుగా మారే జంటలు కనబడతాయి, ఫార్మలిన్‌లో అలా మామూలుగా జరగదు. ఫార్మలిన్ తప్పులు ఎక్కువగా 5 శాతం లోపు చిన్న చిన్న మార్పులుగా ఉంటాయి. డీఎన్ఏను ముందే యూడీజీ ఎంజైమ్‌తో శుభ్రం చేస్తారా అని ల్యాబ్‌ను అడగొచ్చు. ఈ ల్యాబ్ చేస్తోంది. అది చాలావరకు తీసేస్తుంది, మిథైల్ తగిలిన సీలలో వచ్చిన తప్పును మాత్రం తీయలేదు.

డబ్బు తక్కువున్నవాళ్లకు మేం చెప్పే వరుస ఇది. కణితి మందంగా ఉండి, లింఫ్ గ్రంథులకో లోపలి అవయవాలకో పాకిందని తెలిసినప్పుడే జన్యు పరీక్షలకు ఖర్చు పెట్టండి. మందం 1 మిల్లీమీటరు లోపు ఉండి మొత్తం తీసేసిన తొలి దశకు ఇవి అక్కర్లేదు. అంచు 1 సెంటీమీటరు వదిలి తీశారా లేదా అన్నదే అక్కడ ముఖ్యం. 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్ల అంచు, గ్రంథి పరీక్ష. పాకిన కేసులో పెద్ద ప్యానెల్ భరించలేకపోతే, వీఈ1 యాంటీబాడీతో బీరాఫ్ రంగు పరీక్ష తక్కువలో అవుతుంది. బాగా నల్లటి ట్యూమర్‌లో పరీక్షకు వాడే గోధుమరంగు, మెలనిన్‌తో కలిసిపోయి మోసం చేస్తుంది, కాబట్టి ఎర్ర రంగు వాడమనాలి. అది నెగెటివ్ అయితే ఎన్‌రాస్, సీ-కిట్ విడిగా.

మరో మాట, ఇంట్లో దగ్గరి రక్తసంబంధీకుల్లో ముగ్గురికి మెలనోమా గానీ క్లోమం క్యాన్సర్ గానీ ఉంటే ఈ మూడు ప్యాకేజీలూ సరిపోవు. అప్పుడు చూడాల్సింది రక్తంలో సీడీకేఎన్2ఏ. ఫారంలో కుటుంబ చరిత్ర గడి ఉన్నా, సెంటర్‌లో అడగకుండానే ‘లేదు’ అని టిక్కు పెడుతున్నారు. ఫారం మీరే చేతికి తీసుకుని నింపండి: ఏ కాలు, మడమా వేలా, మొదటి ట్యూమరా గజ్జల్లో గ్రంథా, ముక్క తీసిన తేదీ, ఫార్మలిన్‌లో వేసిన గంట, బయటికి తీసిన గంట.

మార్కులు వేయాలంటే చిన్నదానికి ఐదుకు మూడు, పెద్దదానికి నాలుగు, మధ్యదానికి ఒకటి. ఆ ఒకటి కూడా కంట్రోల్ వరుస నిజాయతీగా రాస్తున్నందుకు.

చివరగా బ్లాక్ వెనక్కి తీసుకోవడం.  తర్వాత హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో నిమ్స్‌కో వెళ్లినా మొదట అడిగేది దాన్నే. ల్యాబ్ నెలరోజుల్లో సెంటర్‌కు తిప్పి పంపుతుంది, ఫోన్ మాత్రం చేయరు, మీరే వెళ్లి అడగాలి. ఒకే మనిషికి ఏ1, ఏ2, బీ1 అని రెండు మూడు బ్లాకులుంటాయి. పంపింది ట్యూమర్ ఉన్న ఏ1 అయితే తిరిగొచ్చింది అంచు ముక్క ఏ2 కావచ్చు. కవరు అక్కడే విప్పి, బ్లాక్ మీద చెక్కిన నంబరు, రిపోర్టు మీది నంబరు, మీ దగ్గరున్న రసీదు నంబరు మూడూ కలిశాకే రిజిస్టర్‌లో సంతకం పెట్టండి.